తరుగు

జూన్ నెలంతా మా చిత్తూరు
తోతాపురి సొన వాసన కొడతా ఉంటుంది.
గుడిపాల రోడ్డున ట్రాక్టర్లు, ఒకదాని తోకన ఒకటి,
రెండు రాత్రులు, మూడు రాత్రులు.
కాయ కింద కాయ మెత్తబడతా ఉంటే
రైతులు టార్పాలిన్ నీడన పడుకోని
ఫ్యాక్టరీ గేటునే చూస్తా ఉంటారు.
ఆ గేటు లోపల, కాటా గదిలో
పదకొండేండ్లు కూర్చున్నాడు మా ఆయన.
పేరు ఆశీర్వాదం.

తరుగు అని ఒక మాట ఉండాది మా పక్క.
టన్నుకు ఇంత అని కోస్తారు,
కుళ్ళుకు, తడికి, తొడిమకు.
అది అందరికీ తెలిసిన తరుగు.
ఆ ఏడు ఇంకొకటి పుట్టింది, పేరు లేనిది.
నిండు బండికి మైనస్ ఎనభై దగ్గర,
ఖాళీ బండికి మళ్ళీ సున్నా దగ్గర
మొదలవ్వాలంట కాటా.
"చీటీలో కనపడదులే" అన్నాడు మేనేజరు,
టీ గ్లాసు తానే చేతికి అందిస్తా.

ఈయన టీ తాగినాడు.
నిండు బండికీ సున్నా దగ్గరే మొదలుపెట్టినాడు.

ఇంతే జరిగింది.
సింహాల గుంత, మండే కొలిమి
అనుకుంటారేమో, అట్లాంటిదేమీ లేదు.
ఒక మీట నొక్కలా.

నాలుగో రోజు
రైతుల దగ్గర లంచం తిన్నాడని కేసు.
సాక్షి గుణశేఖరు, పక్క కుర్చీలోనే
మా ఇంటి సద్ది పంచుకోని తిన్న పిల్లోడు.
స్టేషన్లో రాత్రంతా నిలబెట్టినారు.
ఎవరి ఎనభై కేజీలు మిగిలినాయో
వాళ్ళలో ఒక్కరూ రాలా.
వాళ్ళని అనేదేముంది,
కాయ ఇంకా ట్రాక్టర్లోనే ఉండాది.

తొక్క తీసే షెడ్డు నుంచి నన్నూ తీసేసినారు.
ఆదివారం చర్చిలో మా బెంచీ వెడల్పయ్యింది.
"తగ్గి క్షమాపణ అడుక్కో తమ్ముడా,
సంఘానికి చెడ్డపేరు" అన్నాడు సంఘపెద్ద.
ఫ్యాక్టరీకి డ్రమ్ములు తోలేది ఆయన లారీలే.

నేను అరిచినాను.
నీతి నీకు, అప్పు నాకా అన్నాను.
తప్పు చేసి తన్నులు తిన్నా ఒక లెక్క,
చెయ్యకుండా తినేదేం ఘనం అన్నాను.
కొబ్బరికాయను అరచేతిలో తూచినట్టు పట్టుకోని
"చేసి తినుంటే నిద్ర పట్టదు కదమే" అన్నాడు.
గోడ పక్కకు తిరిగి పడుకున్నాడు.
పట్టలా నిద్ర. నాకు తెలుసు.
వీపు చెప్తుంది.

జూలై ఆఖర్న గాలివాన.
కాటా కింది గుంతలోకి నీళ్ళు దిగి
అంకెలు పిచ్చిపట్టినట్టు ఎగరతా ఉండాయని
రాత్రి పదకొండింటికి వచ్చినాడు గుణశేఖరు,
తలమీద గోనెపట్టా, గడప దాటకుండా.
నేను తలుపు వెయ్యబోతే
ఈయన టార్చిలైటు వెతకతా ఉండాడు.

"యాడికి?"
"కాటా ఏం పాపం చేసిందే?"

తెల్లారి వచ్చినాడు, మోకాళ్ళదాకా బురద.
కుళ్ళిన రసం తగిలి చేతులు పొక్కినాయి.
గుంతలో దిగి, మట్టి తోడి,
వైర్లు తుడిచి ఆరబెట్టి
సున్నాకు తెచ్చి వచ్చినాడంట.
కూలి అడగలా. కేసు ఊసెత్తలా.
"ఆ పిల్లోడు ఏడ్చినాడా?" అంటే
"చీకట్లో కనపడలా" అన్నాడు.

కేసు ఇంకా నడస్తానే ఉండాది, వాయిదా మీద వాయిదా.
ఆ సున్నాను మళ్ళీ ఎవరన్నా జరిపినారేమో కూడా
మాకు తెలవదు.

నాకు ఆయనంత గుండె లేదు.
దేవుడితో నా లెక్క వేరే ఉండాది, అది తేలలా.
కానీ నిన్న మసకచీకట్లో
జీపు వచ్చిన రోజు తలుపేసుకున్న
ఎదురింటి పుష్పలీల
పడి బియ్యం బదులుకని వచ్చింది.
పడి మీద అరచెయ్యి పెట్టినాను, గీసి ఇద్దామని.
చెయ్యి అట్లే ఆగిపోయింది.
గోపురంగా పోసినాను, పక్కలకు కారేట్టు.

అది ప్రేమని ఎవరూ రాసుకోబాకండి.
సున్నా యాడ ఉండాదో
ఇంట్లో ఒకరికి తెలిస్తే
ఇంకొకరు మర్చిపోలేరు.