రేపు లేని క్రియ

లొరేన్‌లో, మూతబడ్డ ఇనుప గనుల పక్కన,
సమాధి రాళ్ళు చెక్కే కొట్టులో
నేను పనికి కుదిరిన ఏడు
మేస్త్రి తియెబో నాకు ఉలి కంటే ముందు
ఒక క్రియాపదం చేతికిచ్చాడు.

జెజీర్.
పడి ఉండటం.

"మనుషులు వాడటం మానేశారు దీన్ని,
రాళ్ళు వాడుకుంటున్నాయి" అన్నాడు
మీసం మీది సున్నపు పొడి తుడుచుకుంటూ.

లాటిన్‌లో దీనికో తోబుట్టువు ఉందిట:
విసరడం.
విసిరిన చెయ్యి తన దారిన తాను పోయాక
విసిరినది నేల మీద మిగులుతుంది కదా,
ఆ మిగలడమే ఇది.
రెంటికీ ఒక్క దీర్ఘమే తేడా,
ఒకటి చేతిది, ఒకటి మట్టిది.

నేను పడి ఉన్నాను: జి.
నువ్వు పడి ఉన్నావు: జి.
అతను పడి ఉన్నాడు: జి.
చెవికి ముగ్గురూ ఒక్కరే.
అతని చివర మాత్రం ఒక తకారం ఉంటుంది.
నోటికి అక్కర్లేదు, రాయికి కావాలి.
దానికీ మేం డబ్బు తీసుకుంటాం.

మేము, మీరు, వాళ్ళు అనేసరికి
ఎక్కణ్ణించో ఇంకో జకారం లేచొస్తుంది,
జిజోఁ, జిజే, జీజ్,
మూత తీసిన తేనెపెట్టెలాగా.

పడి ఉండేవాణ్ణి, అనొచ్చు.
పడి ఉంటూ, అనొచ్చు.
అక్కడితో సరి.
పడి ఉండబోతాను అనడానికి లేదు.
పడి ఉండు అని ఆజ్ఞాపించడానికీ లేదు,
పడి ఉండుగాక అని దీవించడానికీ లేదు.
మిగతా రూపాలు ఏమయ్యాయని అడిగితే
"అరిగిపోయాయి, చర్చి మెట్ల అంచుల్లా" అన్నాడు.
కాసేపాగి,
"ఉలి తిరగేసి పట్టుకున్నావు" అన్నాడు.

అక్టోబరు ఆఖర్లో వచ్చింది బ్రోనియా వోయ్తాస్.
మొగుడు ష్చెపాన్ పోయి తొమ్మిది రోజులు.
ముప్పై ఒక్క ఏళ్ళు గనిలోకి దిగినవాడు.
భూమిలో ఖనిజం పడి ఉన్న చోటుకి
ఈ క్రియలోంచే పేరు పెట్టారు ఇక్కడ.
ఇనుము పడి ఉన్న చోటు వెతికి వెతికి
తనూ ఓ చోటు చూసుకున్నాడు.

"అక్షరానికెంత?"
వేళ్ళ మీద లెక్కేసుకుంది.
"నా పేరూ ఇప్పుడే కొట్టేయండి,
మళ్ళీ ఎవరు తిరుగుతారు?
బహువచనం వేసేయండి, ఇక్కడ పడి ఉన్నారు అని."
"నువ్వు నిలబడి ఉన్నావు కదమ్మా."
"అయితే, ఉండబోతుంది అని రాయండి."
"దీనికి ఆ కాలం లేదు."
"ఏం భాషయ్యా మీది!" అంది,
పన్నెండో ఏట పోలండ్ నుంచి వచ్చిన మనిషి,
"చచ్చేదాకా ఆగమనే భాష."

మేస్త్రి పెన్సిల్ తడిపి చాలాసేపు చూశాడు.
ఒకరికైనా, ఇద్దరికైనా
మొదటి రెండక్షరాలూ ఒకటే.
అంతవరకు చెక్కి ఆపుతానన్నాడు.
మరి ష్చెపాన్ వాక్యం సగంలో ఉండిపోతుందే?
"ఆగుతాడు లెండి.
గని గేటు దగ్గర నేను ఆగలేదూ!
తకారం డబ్బులు తగ్గించుకోండి."

పదకొండేళ్ళయింది.
మేస్త్రికి నేనే చెక్కాను, తకారంతో సహా.
మొన్న పొద్దున్నే నాచు గీకడానికి వెళితే
వోయ్తాస్ రాయి వెనక గడ్డిలో
కుందేలు పడుకుని లేచిన గుంట.
దాని పేరూ ఈ క్రియ కన్నదే.
చెయ్యి పెట్టి చూశాను.
వెచ్చగా ఉంది.

సాయంత్రం ఆవిడే వచ్చింది, చేతికర్రతో,
చామంతి కుండీ చంకన పెట్టుకుని.
ఖాళీ వదిలిన చోట బొటనవేలితో రాసి
నున్నగానే ఉందని నవ్వుకుంది.
"ఇంకా ఎన్నక్షరాలు పడతాయి?"
నాలుగన్నాను.
"అందులో పలికేవెన్ని?"
ఒక్కటే అన్నాను.
"అయితే ఒక్కదానికే ఇస్తాను" అంది.
బేరం ఇంకా తెగలేదు.