వెనక ఎందరు

మొదటిసారి పరీక్షలో
దారి నాకు బాగానే దొరికింది.
పుట్టాసింగి దాటి, మెట్లపొలాల గట్టు పట్టుకుని,
జీలుగుచెట్ల వరస దగ్గర ఎడమకి తిరిగి,
దిక్సూచి ముల్లు చూపినచోటే
వాగు దాటాను.
నూరు మీటర్లకోసారి
ఎడమజేబులోంచి కుడిజేబులోకి
ఒక చింతపిక్క.
నేల చదునైతే అరవై నాలుగు జోడడుగులు,
ఎగువకైతే డెబ్బై తొమ్మిది.
నా కాళ్ళ ఎక్కం నాకు కంఠతా వచ్చు.
ఇచ్చిన గడువుకి పది నిమిషాల ముందే
కొండకొమ్ము చేరి
గర్వంగా చెమట తుడుచుకున్నాను.

దండసేన మాస్టారు పటం అడగలేదు.
"వెనక ఎందరు?"
ఎనిమిది, అన్నాను.
"తిరిగి చూసి చెప్పు."
ఏడుగురు.

ఎనిమిదోవాడు, గ్రామీణ బ్యాంకు గుమాస్తా,
రెండో మలుపులో చెప్పు తెగి
రాతిమీద కూర్చుని
మమ్మల్ని కేకెయ్యడానికి మొహమాటపడుతున్నాడు.

ఎర్రసిరాతో ఏమీ రాయలేదాయన.
గడి ఖాళీగా వదిలేశారు.
అదే ఎక్కువ గుచ్చుకుంది.

గుణుపురంలో మా కుట్టుమిషన్ కొట్టు ముందు
ఆ వారమంతా ఒకటే మాట:
"కొండెక్కడానికీ సర్టిఫికెట్టేటే హైమా?
మేకలకెవరిచ్చారు?"
లంగా అంచు మడతపెడుతూ నేనూ నవ్వేదాన్ని.
మేకకి వెనకొచ్చేవాళ్ళ పూచీ లేదు కదా అని
జవాబు దొరికేసరికి
కొట్టు కట్టేసే వేళయ్యేది.

వానలు తగ్గేదాకా సుంబారి రయితాతో నడిచాను.
మా బ్యాచిలోనే, సవర పిల్ల.
పుట్టిందగ్గర్నించీ ఈ కొండల్లోనే ఉన్నా
దరఖాస్తులో అనుభవం అనే గడి దగ్గర
ఏం రాయాలో తెలీక గీత పెట్టింది.
నన్ను ముందు నడిపించి
తను వెనకనించి అడుగులు మార్చేది:
కుంటుతూ, ఈడుస్తూ, ఎండాకుల మీద, రాళ్ళ మీద.
"ఇప్పుడెవరు?"
తప్పు చెబితే
చిన్న గులకరాయి నా వీపున తగిలేది.

పాదాలకీ గొంతులుంటాయి.
తాళంచెవుల గుత్తి మోసే నడక,
సగం తాగిన సీసాలో నీళ్ళ నడక,
అలిసిపోయి ఆ సంగతి దాచుకునేవాళ్ళ నడక.
ఆ చివరిదాన్ని పట్టడానికి నాకు రెండు నెలలు పట్టింది,
మిగతావాటికంటే బేగి పడుతుంది మరి.

కార్తీకంలో రెండో పరీక్ష.
మంచు ఎంత చిక్కగా దిగిందంటే
చేతిలో పటం తడిగుడ్డలా వేలాడింది.
గీతలు దగ్గరపడ్డ చోట కొండ నిటారుగా లేస్తుందని
కాగితం చెప్పేలోపే పిక్కలు చెప్పాయి.
కొమ్ముకి ఇంకా మూడు చింతపిక్కల దూరం.
ఆగాను.
"ఏటైంది?" మాస్టారు.
సీసాలో నీళ్ళు ఆగిపోయాయండి.

అందరం వెనక్కి దిగాం.
ఐటీఐ చదివే రుక్మిణి
దారి పక్కన గొంతుక్కూర్చుని
కూలిన సాలమాను మీద మొలిచిన
నారింజరంగు పుట్టగొడుగుని చూస్తోంది.
ఆపదేమీ లేదు.
"ఎంత బాగుందో చూడక్కా" అంది.
నిమిషానికి ఆరు ఈలలు ఊదుదామని
నోటిదాకా తెచ్చుకున్న విజిల్‌ని
మెల్లగా దించి
నేనూ కూర్చున్నాను.
ఒకరి భుజం మీంచి ఒకరు, అందరూ చూశారు.
మాస్టారు కళ్ళద్దాలు తుడుచుకుని మరీ.
ఆలస్యమైపోయింది. కొమ్ముకి వెళ్ళనేలేదు.
తెచ్చుకున్న చోడి అంబలి అక్కడే తాగేసి
దిగిపోయాం.

సర్టిఫికెట్ ఒడియాలో వచ్చింది.
అందులో నేను హైమబతిని.
సుంబారి నన్నిప్పుడు అలాగే పిలుస్తోంది.

ఆ దిగొచ్చిన రాత్రి
చొక్కా నానబెట్టబోతూ జేబులు దులిపాను.
రెండువైపులవీ కలిపితే పిక్కలు ఇరవై ఒకటి.
బయల్దేరినప్పుడు ఇరవయ్యే.
మళ్ళీ లెక్కపెట్టాను.
ఆ ఒక్క నూరు మీటర్లు
ఎవరి అడుగులతో నడిచానో.