గడువు తేదీ

ఈ అర్ధరాత్రితో గడువు ముగుస్తుందట.
ఒకేసారి ఎనిమిదొందల నలభై లరీలు కడితే
పాటల సాఫ్ట్‌వేర్ యావజ్జీవం నాది.
లేదూ, నెలనెలా ఇరవై నాలుగు.

కరెంటు బిల్లు వెనక లెక్క వేశాను:
ముప్పై అయిదు నెలలు.
మూడేళ్ళకి ఒక నెల తక్కువ.
ఆ తర్వాత నేను బతికే ప్రతి నెలా లాభమే.
డెబ్బై ఒకటో ఏట
బతకడాన్ని లాభాల పద్దులో రాసుకోవడం
కొంచెం సిగ్గుగానే ఉంది.

"కొనెయ్యి పిన్నీ, ఒక్కసారితో పీడా పోతుంది"
అంటాడు పై వాటా లాషా.
వాడికి ఇరవై రెండు.
వాడి జీవితాంతం వేరు, నాది వేరు;
ధర మాత్రం ఇద్దరికీ ఒకటే.
కింది వాటా తెంగిజ్ కోర్టు గుమాస్తా.
యావజ్జీవం అని నేననగానే
"ఏం నేరానికి?" అన్నాడు.

ఎనిమిదొందల నలభై అంటే
పళ్ళ డాక్టరు చెప్పిన రెండు ముందు పళ్ళు.
పాటకి పళ్ళూ కావాలి,
'స' అన్నప్పుడల్లా గాలి పోతోంది.

కుతాయిసీలో, రియోనీ వంతెన పక్కన మందుల షాపులో
నలభై ఏళ్ళు నిలబడ్డదాన్ని.
సీసా చేతికొస్తే ముందు అడుగు తిప్పి చూస్తాను.
గడువు తేదీ లేని మందు
ఎవరికీ అమ్మలేదు, గిట్టనివాళ్ళకి కూడా.
అందుకే భూతద్దం తెచ్చి
తెర అడుగున చీమ తలకాయలంత అక్షరాలు చదివాను.
జీవితమంటే నాది కాదట,
సాఫ్ట్‌వేర్‌దట.
దానికి నూరేళ్ళు ఎప్పుడు నిండుతాయో
రాయలేదు.

మా లమారా ఫ్రీజర్ కొన్నప్పుడూ అంతే.
జీవితకాలం గ్యారంటీ కాగితానికి
అద్దం కట్టించి గోడకి తగిలించింది.
ఫ్రీజర్ ఇప్పటికీ ఆడుతోంది.
అది దాచిన పుల్ల ఆల్బుకరా పళ్ళు
అందులో గులకరాళ్ళలా ఉన్నాయి.
తినలేను, పారెయ్యలేను.

ముగ్గురం పాడేవాళ్ళం.
లమారాది పైగొంతు, నర్గిజాది నడిమిది,
నాది అడుగుది. ఉన్నంతసేపూ ఎవరికీ వినపడదు,
ఆగితే మాత్రం అందరికీ తెలిసిపోతుంది.
లమారాని మట్టిలో పెట్టిన రోజు
ఇద్దరమే పాడాం, పైన చోటు ఖాళీగా ఉంచి.
ఇంటికొచ్చి, బూట్లయినా విప్పకుండా
నర్గిజా అంది:
"మూడో చరణంలో నీ శ్రుతి జారింది."
మేం మాట్లాడుకుని పదహారు నెలలు.

ఊరికే వాడి చూడమన్న పద్నాలుగు రోజుల్లో
పదమూడో రోజున
ఆనాటి ఫోన్ రికార్డింగు అందులో వేశాను.
గాలి, దగ్గులు, పార చప్పుడు తీసేసి
రెండు గీతలు గీసి చూపించింది.
ఆకుపచ్చది నర్గిజా.
తాపీమేస్త్రి దారం లాగినట్టు తిన్నగా.
నీలం నాది.
మూడో చరణంలో, చెల్లెలి పేరు దగ్గర,
చీకట్లో మెట్టు తప్పిన మనిషిలా
కిందికి దిగి
అక్కడే ఉండిపోయింది.

పక్కనే ఒక మీట: సరిచెయ్యమంటారా?
నొక్కాను.
గీత లేచి నిలబడింది. విన్నాను.
ఏ తప్పూ లేదు. ఆ పాటలో
ఎవరూ చచ్చిపోలేదు.
మళ్ళీ వెనక్కి నొక్కి
నా తప్పు నేను తెచ్చేసుకున్నాను.

పన్నెండు దాటింది. డబ్బు కట్టలేదు.
పొద్దున్నే సందేశం:
"మీకోసమే ప్రత్యేకంగా, మరో మూడు రోజులు!"
టీ పొలమారేలా నవ్వాను.
మందుసీసాల మీద ఇలా తేదీలు దిద్దుంటే
నన్ను తెంగిజ్ కోర్టుకే ఈడ్చేవాళ్ళు.

ఒక్క నెలకి కట్టాను, ఇరవై నాలుగు.
దగ్గుమందైనా సీసాల లెక్కన కొంటాం గానీ
పీపాతో కొంటామా.

నర్గిజాకి ఫోన్ చేసి
"నువ్వన్నది నిజమే" అనడానికి
ఏ చందా అక్కర్లేదని తెలుసు.
అయినా ఇవాళ చెయ్యను.
మూడు రోజులు పెంచారుగా.