ఖాళీ పెట్టె

లెటర్‌కెన్నీలో ఒక హోటల్ పైగది, ఐదు రోజులు.
పెళ్ళి విందుల మరకలున్న తివాచీ మీద
తొమ్మిదిమందిమి, తలా ఒక అట్టపెట్టె.
పెట్టెలో ఏమీ లేదు.
పందొమ్మిదేళ్ళు కిల్లీబెగ్స్ రేవులో
ఐసుతో సహా చేపలు మోసినవాణ్ణి
ఖాళీ పెట్టె ముందు
చేతులెక్కడ పెట్టాలో తెలియక నిలబడ్డాను.

బ్రీద్ హార్కిన్ పూర్వం నర్సు.
ప్లాస్టిక్ వెన్నెముకని పసిబిడ్డలా చంకనేసుకొచ్చి
పూసల మధ్య మెత్తటి బిళ్ళ మీద వేలు పెట్టి
"దీనికి నోరు లేదు, దీని తరఫున కాలు అరుస్తుంది" అంది.
అన్నీ రాసుకున్నాను.
తిరగాలంటే అడుగులు తిప్పు, నడుం కాదు.
బడి మానేశాక ఇంత రాయడం ఇదే.

నాలుగో రోజు
"ఫెలిం, ముందు తప్పెలా చేస్తారో చూపించు" అంది.
దానికి నోట్సు అక్కర్లేకపోయింది.
మోకాళ్ళు కర్రల్లా బిగిశాయి, వీపు విల్లయింది,
ఊపిరి బిగబట్టి ఒక్క కుదుపు,
గాల్లోనే నడుం మెలిక.
"సరిగ్గా ఇదే! ఎంత బాగా చేశాడో చూడండి!"
గదంతా చప్పట్లు.

ఆ చప్పట్లలో నా గొంతే నాకు వినపడింది:
"ఏం, తిండి తినట్లేదా? లాగు!"
ఆరేళ్ళ కిందట, బ్రెజిల్ నుంచి దిగిన ఎడివాల్డోతో.
వాడికి మా మాట రాదు.
చూసి నేర్చుకున్నాడు.
ఇదే వంపు, ఇదే కుదుపు.
పరీక్ష రాయకముందే
నేను గురువునైపోయిన సంగతి
అప్పటిదాకా తట్టలేదు.

సర్టిఫికెట్టు పోస్టులో వచ్చింది.
కవరు మీద ఎర్రసిరాతో: వంచవద్దు.
"నీ గురించే రాశారు" అని గ్రానియా నవ్వింది.
నేనూ నవ్వాను, కొంచెం ఆలస్యంగా.

సోమవారం పొద్దున్న ఆరున్నర.
ప్యాకింగ్ గదిలో బల్లలు పక్కకి జరిపాం.
పదకొండుమంది కూర్చున్నారు.
ఎడివాల్డో కూర్చోలేదు,
కూర్చుంటే లేవడం కష్టమట.
గోడకి ఆనుకుని, చేతులు కట్టుకుని.

మొదటి వాక్యం వారం నుంచీ వల్లె వేస్తున్నాను:
ఎత్తే ముందు అడగండి, అసలు ఎత్తాలా?
అది నోట్లోంచి రాలేదు.
"ఇతనికి నేను తప్పు నేర్పాను" అన్నాను.
ఫ్రీజరు మోటారు గుర్రుమంటోంది.
ఎవరో దగ్గారు.

ఎడివాల్డో గోడ వదిలాడు.
తలుపు పక్క పీపాలోంచి
చిన్న చేటతో రెండుసార్లు,
ఆగి, ఇంకోసారి,
నా పెట్టెలో ఐసు పోశాడు.

"ఇప్పుడు చూపించు" అన్నాడు.