గాలి పంపు

గూడూరు నిమ్మకాయలు మద్రాసులో దించి
ఖాళీగా వస్తా వుంటే
గుమ్మిడిపూండి కాడ పోలీసాయన చెయ్యెత్తాడు.
ముప్పై ఎనిమిది మంది. లంక నించి.
బస్సులు చాల్లేదు, పైనించి ఆర్డరంట,
వాకాడు అవతల తుఫాను షెల్టర్లో దించి రమ్మన్నాడు.
లెక్కపెట్టేటప్పుడు చంకలో పిల్లని
ఒకసారి కలిపాడు, ఒకసారి తీసేశాడు.

ట్రిప్ షీట్లో 'సరుకు' అని ఒక గడి వుంటాది.
పదకొండేళ్ళుగా దాంట్లో నిమ్మకాయలు, వడ్లు, ఒక్కోసారి ఉప్పు.
పెన్ను ఆ గడి మీద పెట్టి
ఎత్తేశాను.

లోపల తడిసిన గోనెల కంపు, చితికిన కాయల పులుపు.
ఒకామె చీకట్లో తడుముకుని
నలిగిన కాయొకటి ఏరి
కూతురి ముక్కు దగ్గర పట్టింది.
పడవ దిగి పదిరోజులైనా
ఆ బిడ్డకి నేల ఊగతానే వుండాదంట.

తడ చెక్‌పోస్టులో టార్చి ఊపుతా
"లోడేందిరా?" అన్నాడు.
"మనుషులు."
"ఎన్ని టన్నులు?" అని నవ్వి, లైటు లోపలికేసి,
ఆ నవ్వుని ఎక్కడ పెట్టుకోవాలో తెలీక
గేటు తానే ఎత్తాడు.

క్యాబిన్లో నా పక్కన వల్లిపురం అని పెద్దాయన.
చంకలో సైకిలు పంపు.
"సైకిలేదీ పెద్దాయనా?" నాకొచ్చిన సగం అరవంలో అడిగాను.
"ఆడే వుంది. గాలి తెచ్చుకున్నా."
నాయుడుపేట దాకా ఇంకేం మాట్లాడలేదు.

నాయుడుపేట దాటినాక వాన అందుకుంది.
ఈశాన్యం వాన, మొదలైతే దానికి ఆపడం చేతకాదు.
జిలానిగాడు పైకెక్కి పట్టా లాగాడు.
పట్టా అంటే లారీ వాళ్ళకి టార్పాలిను,
రైతుకైతే నేల మీద హక్కు.
రెండోది వాళ్ళ దగ్గర ఎట్టాగూ లేదు,
మొదటిదైనా కప్పుదామని.
లోపల చీకటి పడిందో లేదో
ముప్పై ఎనిమిది మందీ ఒకే గొంతుతో అరిచారు.
నేను బ్రేకు మీద లేచి నిలబడ్డాను.
ఎక్కడ, ఏ కప్పు కింద, వాళ్ళకేం జరిగిందో
నేనడగలేదు.
ఇప్పటికీ నాకు తెలీదు.
పట్టా చుట్టేశాం.
తూపిలిపాలెం దాకా తడస్తానే వచ్చారు,
కొందరు నోళ్ళు తెరుచుకుని.

షెల్టరు పొడుగు కాళ్ళ మీద నిలబడి వుంది.
కింద మేకలు, పైన బడి,
గోడ మీద ఎప్పటి ఉప్పెనదో నీళ్ళ గీత.
తాళం పామంజి నాగూరమ్మ బొడ్డులో.
పట్టపోళ్ళ ఇళ్ళల్లో మాట అరవమే,
కాకపోతే ఈ దరి ఉప్పుకి కొంచెం తుప్పు పట్టింది.
లాంతరెత్తి ఒక్కో మొహం చూసి
సముద్రం మీద బతికేవాళ్ళు అడిగినట్టే అడిగింది:
"ఏ గాలికొచ్చారమ్మా?"

ఎవరూ చెప్పలేదు.
తుఫానుకైతే ఒక నంబరుంటాది,
కృష్ణపట్నంలో జెండా ఎగరేస్తారు, రేడియోలో చెప్తారు.
వాళ్ళ గాలికి ఆ మర్యాద లేదు.

వల్లిపురం పంపుని నేల మీద నిలబెట్టి
పిడిని ఒకసారి కిందికి నొక్కాడు.
స్స్‌స్ మనింది. అంతే.
ఎవరో చిన్నపిల్ల నవ్వింది.
"సరే, గంజి తాగండి ముందు," అనింది నాగూరమ్మ.
పలకలు ఒక మూలకి నెట్టి
పాత వలలు తెచ్చి మడతలేసి పరిచారు,
కొత్తవి గుచ్చుకుంటాయని.

తెల్లారి గూడూరులో మా ఓనరు
ట్రిప్ షీట్లో ఖాళీ గడి చూసి
"ఖాళీ బండికి డీజిలెవుడిస్తాడురా?" అని
జీతంలో రెండువందల నలభై పట్టుకున్నాడు.
ఖాళీ కాదన్నాను.
సరుకూ కాదన్నాను.
మరేందన్నాడు.

ఎనిమిది నెలలకి ఏదో బస్సొచ్చి తీసకపోయిందంట వాళ్ళని.
ఏ ఊరికో ఒక్కొక్కరు ఒక్కోటి చెప్తారు.
మొన్న రొయ్యల లోడుకి పోతే
షెల్టరు మెట్ల కింద పిల్లకాయలు
ఆ పంపుతోనే సైకిలుకి గాలి కొడతా వుండారు.
తోలు వాషరు మూడుసార్లు మార్చారంట,
పిడి కొత్తది, వేప కర్ర.
"ఎవరిదిరా ఇది?" అన్నాను.
"మాదే," అన్నారు.