రెండు బిందెలు

మా తాత దేవరాజులు నాయుడు పోయిన రోజు
రాయపురంలో ఒకటే వాన.
గొంతు దిగని తులసినీళ్లు
పెదవి పక్కనుంచి దిండు మీదికి జారాయి.
ఎవరూ తుడవలేదు.
ఆ ఇంట్లో చుక్క ఒలికితే
అరవాల్సింది ఆయనే.

పదకొండుమందిమి, ఒక్క చేతిపంపు.
తెల్లారి నాలుగింటికి లుంగీ ఎగ్గట్టి
పంపు పక్కన పీట వేసుకుని కూర్చునేవాడు
సుంకం వసూలుకి కూర్చున్నట్టు.
లెక్క తెలుగులో, తిట్లు అరవంలో.
"తలకి రెండు బిందెలు. బాలింతకి మూడు.
పరీక్షలున్నోడు తలంటుకోనక్కర్లేదు,
చదివింది జారిపోతుంది."

అత్తని చూసుకోవడానికి వచ్చిన పెళ్లివారు
వాకిట్లో కాళ్లు కడుక్కుంటుంటే
ఆయన పెదవులు కదిలాయి.
ఏదో స్తోత్రమనుకున్నారు పాపం.
చెంబులు లెక్కపెడుతున్నాడు.

ఆయనంటే నాకు ప్రేమ అని చెప్పలేను.
పన్నెండేళ్లప్పుడు
మొదటిసారి గుడ్డలు ఉతుక్కోవడానికి
ఇంకో బిందె అడగలేక
గోడ వెనక నిలబడి ఏడ్చాను.
మర్నాడు నా వంతు దగ్గర
మూడోది నిండుగా ఉంది.
ఆయన వీధి వైపు తిరిగి
రాని లారీని తిడుతున్నాడు.
అవ్వ చెప్పిందో, ఆయనే కనిపెట్టాడో.
అడగడానికి ఇప్పుడిద్దరూ లేరు.

స్నానం చేయించేటప్పుడు
"ఎన్ని బిందెలు?" అన్నాడు బాబాయి, అలవాటుగా.
మేడమీద సింటెక్సు నిండి
గోడ వెంట పొర్లుతోంది.
అయినా అందరం
పీట వైపే చూశాం.

పదహారో రోజు దాటాక దొరికింది నోటుబుక్కు,
హార్బరు పింఛను కాగితాల అడుగున.
పేజీ పేజీకీ మా పేర్లు, గీతలు, కొట్టివేతలు.
చచ్చిపోయిన చిన్నత్త పేరు పక్కన కూడా
ఓ నెలపాటు రెండేసి గీతలు.
చివరి అట్ట లోపల:
"రెజీనామ్మకి రెండు బిందెలు బాకీ.
తొంభై మూడు, మే. ఇవ్వాలి."
కింద వేరే సిరాతో, "ఇవ్వాలి."
ఇంకా కింద, వణికిన చేత్తో,
"ఇ"

పంపు ఎండిపోయిన వేసవి అది.
ఆ తర్వాత వారానికే లారీ దగ్గర
వరస కోసం రెండిళ్లూ కొట్టుకున్నాయి.
అప్పటినుంచీ ఆ గుమ్మంతో మాటల్లేవు.
మాటల్లేని చోట
అప్పు ఎట్లా తీరుస్తాడు మనిషి?

మోసుకెళ్లాను, ఒకటి చంకన, ఒకటి చేత.
రెజీనామ్మ కూడా లేదు.
కూతురు స్టెల్లా తలుపు తీసింది.
వంటింట్లో కుళాయి కారుతున్న చప్పుడు.
"మా తాత బాకీ" అన్నాను.
నవ్వుతుందనుకున్నాను.
కొంగుతో చేతులు తుడుచుకుని
ఒక్కో బిందే లోపలికి మోసుకెళ్లి,
ఖాళీవి తెచ్చి నా ముందు పెట్టి,
"అమ్మ మూడనేది" అంది.

వెనక్కొచ్చి ఇంకోటి నింపాను, అంచుదాకా.
గుమ్మం దాటుతుంటే
కాస్త ఒలికింది.
అలాగే నిలబడిపోయాను
తిట్టు కోసం.