గిన్నె మునిగే దాకా

తొమ్మిది రాత్రులకోసారి నా వంతు.
నాలుగు గిన్నెల నీళ్లు.
ఈ ఏడు అట్లాస్ కొండ మీద మంచు మోకాలు దాటలేదని
మూడే అన్నారు పెద్దలు.
నేనేమీ అనలేదు. మంచుతో ఎవరు పోట్లాడతారు?

కాలువ తల దగ్గర రాతిగూట్లో హద్దూ తాత,
ఉన్ని అంగీలో గడ్డం దాకా మునిగి.
ముందు బకెట్టు నిండా నీళ్లు, నీళ్ల మీద రాగి గిన్నె,
గిన్నె అడుగున సూదిమొనంత బెజ్జం.
లోపలికి ఊరీ ఊరీ
అది బుడుంగున మునిగితే ఒక గడియ.
వాళ్ల తాత కొలిచిందీ దాంతోనే,
మా మామ చచ్చేదాకా తిట్టిందీ దాన్నే.
ఇప్పుడు అందరి జేబుల్లో ఫోన్లున్నాయి, ఫోన్లలో గంటలున్నాయి.
నీళ్ల దగ్గర వాటి మాట చెల్లదు.

"ఇట్టో, నీదే!"
పారతో పచ్చికగడ్డల అడ్డు తీస్తాను.
చీకట్లో నీళ్లు కనిపించవు,
పొడిమట్టి వాటిని చప్పరించడం వినిపిస్తుంది.

నావి నాలుగు మెట్లు.
అన్నిట్లో పెద్ద మెట్టు మీద గాడిద అడ్డంగా పడుకుంటే
తోక పక్కవాళ్ల చేలో ఉంటుంది.
మొదటి గిన్నె బార్లీకి.
రెండోది అక్రోటు చెట్టు కింది మొక్కజొన్నకి.
చెట్టు కింది నేల నాది, రెండు కొమ్మలు ఆడబిడ్డవి,
మిగతావి ఎవరివో చెప్పాలంటే
ఒక పెళ్లి కథా రెండు చావుల కథా చెప్పాలి.
మూడోది ఆవు మేతకి.
మా ఆవు కొట్టం దాటి రాదు,
పచ్చికే నా వీపెక్కి దాని దగ్గరికి పోవాలి.

నా కొడుకు బాసూ మేకలతో పైనున్నాడు.
ఎత్తు పచ్చిక ఇంకా తెరవలేదు,
చెప్పిన రోజుకు ముందు పరక కొరికినా జరిమానా.
పోయినేడు మా చెవితెగిన మేక గీత దాటింది.
నలుగురు కావలివాళ్లకి భోజనం పెట్టాను, నెయ్యితో సహా.
మేకకి మాత్రం సిగ్గు లేదు.

మూడు గిన్నెలకి నీళ్లు ఎంత దూరం పోతాయో
నా పాదాలకి తెలుసు.
ఆ రాత్రి అవి నా లెక్క దాటిపోయాయి.
మేత తడిసింది,
ఇక రావని ఆశ వదిలేసిన ఉల్లిమడి మూల కూడా తడిసింది.
కేక రాలేదు.
ముసలాయన కునికాడేమోనని లాంతరు పట్టుకుని పైకెక్కాను.

మెలకువగానే ఉన్నాడు.
గిన్నె ఇంకా తేలుతోంది.
బెజ్జంలో ఒక బార్లీ గింజ, నాని ఉబ్బి.
నేను చూశాను. చూశానని ఆయన చూశాడు.
ముల్లుతో గింజని పెకలించి
ఉన్న రెండు పళ్ల మధ్య పెట్టుకున్నాడు.
గిన్నె మునిగింది.
"అయింది. తూడాని లేపు."

మొగుడు లేనిదాన్నని జాలా?
దారంతా కోపం. తూడా తలుపు గట్టిగానే కొట్టాను.

వారం తరువాత పొయ్యి దగ్గర రొట్టెలు కాలుస్తూ
తన ఉల్లి కూడా బతికిందంది తూడా, నా మొహం చూడకుండా.
రబ్హా పిండి పిసకడం ఆపింది.
ఇంకెవరో దగ్గారు.
గింజ మాట ఎవరూ ఎత్తలేదు.

కానీ రాత్రి సాగదు కదా.
ఒకరికి పెరిగింది ఇంకొకరికి తరగాలి.
పిండి చేతుల వేళ్ల మీద వంతులు లెక్కపెట్టాను:
నేను, తూడా, రబ్హా, మసీదు చేను, కమ్మరివాళ్లు...
తెల్లారేముందు, చిట్టచివర,
హద్దూ తాత.

కోతలకి ఆయన బార్లీ చీలమండ దాటలేదు.
కొడవలికి అందదు, వేళ్లతో సహా పీకాలి.
అడక్కుండానే వెళ్లి పక్కన కూచుని పీకాను.
పొద్దెక్కాక అన్నాడు,
"ఈ నేలలో సారం లేదమ్మా."
"లేదు తాతా," అన్నాను
చేతిలో మట్టి దులుపుకుంటూ.

ఆ పై మెట్టు నాదే.